ఇద్దరికీ హెచ్‌ఐవీ ఉంటే మళ్లీ సోకుతుందా?

ప్రశ్న: లారీ డ్రైవర్‌ని. నాకూ, నా భార్యకూ హెచ్‌ఐవీ ఉంది. మందులు వాడుతున్నాం. ‘ఉన్నదే కదా, కొత్తగా ఏం వస్తుంది?’ అంటారు తోటి డ్రైవర్లు. నిజమేనా డాక్టర్‌గారూ?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: వాళ్ల మాట పట్టుకోకండి. ఒక రకం వైరస్ ఉన్నవారికి మరో రకం సోకవచ్చని 2002లోనే పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత కెన్యాలోని మొంబాసాలో సెక్స్ వర్కర్ల రక్త నమూనాలను ఏళ్ల తరబడి దాచి, పాతవాటినీ కొత్తవాటినీ పోల్చి చూశారు. మొదట లేని, మొదటిదానితో దగ్గరి చుట్టరికం లేని వైరస్ తర్వాతి నమూనాలో కనిపిస్తే రెండోసారి సోకినట్టు. వైరస్ జన్యుక్రమం చదివితేనే ఇది తేలుతుంది. అదీ ఒక్క జన్యువు చూస్తే చాలదు. రెండో రకం కొద్దిగా ఉంటే దొరక్కుండా పోతుంది. మామూలు యాంటీబాడీ పరీక్ష ‘ఉందా, లేదా’ అనే చెబుతుంది.

మీరు మాత్రం దీనికోసం ల్యాబుల చుట్టూ తిరగకండి, డబ్బు దండగ. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో, చూపించుకోండి. ఇద్దరికీ కనిపించనంత తక్కువగా నిలకడగా ఉంటే మీ మధ్య టెన్షన్ అక్కర్లేదు. బయటి సంబంధాలుంటే కండోమ్ తప్పనిసరి. లోడ్ ఉన్నట్టుండి పెరిగితే, ట్రిప్పుకెళ్తూ మాత్రల డబ్బా ఇంట్లో మరిచిపోయారా అనే నేను ముందు అడిగేది. ఆ తర్వాతే మందులకు లొంగని రకమేమోనని పరీక్షిస్తాం.