ఇంట్లో మనమే రుచి చూపిస్తే పిల్లాడు తాగుడుకి దూరంగా ఉంటాడా?

"బయట చెడిపోయే కన్నా సంక్రాంతికి మన ముందే ఒక గుక్క పోస్తే మేలు కదా" అని ఒకరు అడిగారు. కాదండీ. ఆస్ట్రేలియాలో సుమారు 1,900 మంది పిల్లల్ని ఆరేళ్లు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులే మందు ఇవ్వడం వల్ల ఏ రక్షణా కనబడలేదు. పైగా ఆ పిల్లలు బయట కూడా మందు సంపాదించడం, అతిగా తాగడం ఎక్కువగా కనిపించింది.

మా కోనసీమలో పండక్కి అల్లుళ్లు దిగుతారు. అరుగు మీద సీసా తెరవగానే "ఒరేయ్, ఫ్రిజ్‌లో ఐసు పట్రా" అని పదో తరగతి కుర్రాడికి పురమాయిస్తారు. గ్లాసులు కడిగేదీ వాడే, పకోడీలు అందించేదీ వాడే. వాడికి ఎవరూ పొయ్యక్కర్లేదు, తాగడం పెద్దవాడైన మగాడి లక్షణమని అక్కడే అర్థమైపోతుంది. నన్నడిగితే ముందు ఆ ఐసు పని మాన్పించాలి.

నాన్న తాగితే మాట చెల్లదా? చెల్లుతుంది. "21 వచ్చేదాకా వద్దు, మన రాష్ట్రంలో చట్టమూ అదే" అని తాగని పూట స్థిమితంగా చెప్పాలి. కోడిపందాల బరికి ఎవరి బండెక్కి వెళ్లాడో, ఎన్నింటికొస్తాడో ఇంట్లో తెలిసుండాలి. నోట్లో వాసన పసిగట్టిన రాత్రి మాత్రం కొట్టకండి. పొద్దున్న టిఫినయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, ఎవరు పోశారో అప్పుడు చెబుతాడు.