రొట్టెల పండుగ వాలంటీరుకు ఏ చదువు?

ప్రశ్న: మాది ఆత్మకూరు దగ్గర పల్లె. మా అమ్మాయి నెల్లూరులో డిగ్రీ రెండో సంవత్సరం. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) తరఫున రొట్టెల పండుగలో పనిచేసి వచ్చినప్పటి నుంచి, అన్ని మతాలవాళ్లను కలిపే పనే చేస్తానంటోంది. ఇదొక ఉద్యోగమా? 'మన దేవుణ్ణి మరిచిపోతుందేమో' అని బంధువులంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి

జవాబు: అయ్యా, ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన రాదు. కానీ ఆ నేర్పు లేనివాళ్లు సరిగ్గా చేయలేని ఉద్యోగాలు చాలా ఉన్నాయి. సోషల్ వర్క్, లా, జర్నలిజం, రెవెన్యూ, పోలీసు... ఊళ్లో గొడవ మొదలైతే ముందు వీళ్లే వెళ్లాలి. అందుకే అమ్మాయిని ఆపకండి, చేతికో వృత్తి ఉండేలా చూడండి.

బంధువుల మాటకు నా జవాబు ఇది. కసుమూరు మస్తాన్‌వలీ దర్గా మీద నమ్మకంతో పిల్లలకు మస్తానయ్య, మస్తానమ్మ అని పేర్లు పెట్టుకున్న హిందూ కుటుంబాలు మన జిల్లాలో ఎన్ని లేవు? వాళ్లెవరూ తమ దేవుణ్ణి మరిచిపోలేదు. మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగలో, నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, రొట్టెలు తెచ్చినవాళ్లు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, ఎవరో ఏమిటో తెలియనివాళ్లను "మీకు ఏ రొట్టె కావాలమ్మా?" అని అడుగుతారు. ఒకప్పుడు చదువు కావాలని కోరుకుని చదువు రొట్టె తీసుకుని, ఆ కోరిక తీరినవాళ్లు తర్వాత అదే పేరుతో రొట్టె తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు. ఎదుటివాళ్లకు ఏం కావాలో ముందు అడగడం, అదే ఈ పనికి పునాది. మీ అమ్మాయి అది కళ్లారా చూసింది.

ఇక చదువు. ఇంటికి దగ్గరగా విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పీజీ ఉంది. బయటికి పంపగలిగితే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ మంచిది. దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కాబట్టి డిగ్రీ ఆఖరి సంవత్సరం మొదట్లోనే ప్రిపరేషన్ మొదలుపెట్టమనండి. ఢిల్లీ జామియా మిలియాలో ఘర్షణల పరిష్కారం, శాంతి స్థాపన మీదే ఎంఏ ఉంది. 1930లో లాహోర్‌లో మొదలై ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ అయితే మతాల మధ్య సంబంధాల మీదే పనిచేస్తుంది. సెలవుల్లో ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి.

ఎన్‌ఎస్‌ఎస్ మధ్యలో వదలనివ్వకండి. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకోవాలి.

ఒక్క విషయం మాత్రం ఆమెతో గట్టిగా చెప్పండి. ఐక్యత మీద మీటింగ్ పెట్టి, ప్రతిజ్ఞ చేసి, ఫొటో దిగి వెళ్లిపోయిన పిల్లలను చాలామందిని చూశాను. ఆ ఫొటోలో పక్కపక్కన నిలబడ్డవాళ్లకు ఒకరి ఫోన్ నంబరు ఒకరికి ఉండదు. అమెరికాలో ఈబూ పటేల్ అనే భారత సంతతి ముస్లిం షికాగోలో మొదలుపెట్టిన సంస్థ వేరే దారి పట్టింది. వేర్వేరు మతాల కాలేజీ పిల్లలతో ముందు కలిసి ఒక సేవ చేయించడం, తర్వాత 'నీ మతంలో దీన్ని నీకెవరు నేర్పారు?' అని మాట్లాడించడం. మీ ఊళ్లో గుడి వీధి, మసీదు వీధి, చర్చి వీధి పిల్లలు కలిసి రక్తదాతల జాబితా ఒకటి తయారుచేయొచ్చు. రేపు వాట్సాప్‌లో పుకారు వస్తే, 'అది నిజం కాదు, నేనిప్పుడే కనుక్కున్నాను' అని చెప్పడానికి ఆ నంబర్లే పనికొస్తాయి.

వచ్చే రొట్టెల పండుగకు మీరూ నెల్లూరు వెళ్లండి. ఆమె డ్యూటీ చేసే చెరువు ఘాట్ దగ్గర ఒక పూట నిలబడి చూసి, ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని కోర్సు సంగతి మాట్లాడుకోండి.