చెవిలో జబ్బు తిరగబెడుతుంటే మందు మార్చకండి, మూలం వెతకండి

సందేహం: మాది పల్నాడు జిల్లా. మిరప సాగు చేస్తాం. మా ఇంట్లో నాలుగేళ్ల పమేరియన్ ఆడకుక్క ఉంది. బరువు 7 కిలోలు. పెరుగన్నం, కోడిమాంసం, గుడ్డు, బిస్కెట్లు తింటుంది. ఏడాదిన్నరగా దాని రెండు చెవుల్లోనూ గోధుమరంగు గులిమి, దుర్వాసన ఉన్నాయి. తల విదిలిస్తుంది, చెవులు గోక్కుంటుంది, ఖాళీగా ఉంటే కాలి వేళ్ల మధ్య నాకుతూ ఉంటుంది. స్నానం చేయించేటప్పుడు నీళ్లు పోయి చెవిలో పురుగు పడిందనుకుంటున్నాం. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు, ఐదు రోజుల మాత్రలు వాడితే తగ్గి, నెల తిరగకుండానే మళ్లీ వస్తోంది. పశువుల మందుల దుకాణంలో చెబితే గేదెలకు వేసే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు అర మి.లీ. సూది వేశారు. దీనికి తోడు ఏటా చలికాలం చివర గొంతు ఇన్ఫెక్షన్ వస్తుంది. ఎముక ఇరుక్కున్నట్లు దగ్గి, చివర తెల్లటి నురగ కక్కుతుంది. గొంతులో వేలు పెట్టి వెతికాను, ఏమీ తగల్లేదు. పసుపు, తేనె రాశాను. రేబిస్ టీకా చిన్నప్పుడు ఒకసారి వేయించాం. మంచి బలమైన యాంటీబయోటిక్ పేరు చెప్పగలరు.
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: యాంటీబయోటిక్ పేరు చెప్పను. మీరు రాసిన లక్షణాల్లో దాని అవసరం నాకు కనిపించలేదు. చెవిలో పురుగు పడిందన్న మాట నమ్మశక్యంగా లేదు. గొంతు ఇన్ఫెక్షన్ కూడా ఉందనుకోను. మీరు మాటవరసకు రాసి వదిలేసిన సంగతి ఒకటుంది: కాలి వేళ్ల మధ్య నాకుతూ ఉంటుందని. నేను జబ్బును అక్కడి నుంచే వెతకడం మొదలుపెడతాను.

రెండు చెవులూ కలిసి చెడటం, పాదాలు నాకడం, మందు ఆపగానే తిరగబెట్టడం – ఈ మూడూ ఒకే కుక్కలో కనిపిస్తే మొదట అనుమానించాల్సింది అలర్జీని. చెవి లోపల ఉన్నదీ ఒంటి మీది చర్మమే. ఒంటికి దురద పుట్టించేదే చెవిలోనూ వాపు తెస్తుంది, గులిమి ఎక్కువ ఊరుతుంది. చర్మం మీద ఎప్పుడూ కొద్దిగా ఉండే మలసీజియా అనే ఈస్ట్ ఆ జిడ్డులో విపరీతంగా పెరుగుతుంది. గోధుమరంగు, పులిసిన వాసన చాలావరకు దాని వల్లే. చుక్కలు వేస్తే ఈస్ట్ తగ్గుతుంది. అలర్జీ ఎక్కడికీ పోలేదు కనుక నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తుంది. స్నానపు నీళ్లను తప్పుపట్టకండి. మీ పమేరియన్ చెవులు నిక్కి ఉంటాయి, గాలి ఆడుతుంది. నీటి తడితో ఎక్కువ ఇబ్బంది చెవులు వేలాడే జాతులకు. చెవి పురుగైతే గులిమి నల్లగా, కాఫీ పొడిలా రాలుతుంది, అదీ ఎక్కువగా కుక్కపిల్లల్లో.

ఐవర్‌మెక్టిన్ సూది గురించి. గేదెలకు వాడే ఆ మందు ఒక మి.లీ.లో 10 మి.గ్రా. ఉంటుంది. కిలో బరువుకు 0.2 మి.గ్రా. లెక్కన 50 కిలోల పశువుకు ఒక మి.లీ. సరిపోతుంది. మీ 7 కిలోల కుక్కకు అదే లెక్కన 0.14 మి.లీ. మించకూడదు. అర మి.లీ. అంటే మూడున్నర రెట్లు. కొన్ని జాతుల కుక్కల్లో, ముఖ్యంగా కోలీ సంతతిలో, ఈ మందు మెదడులోకి చేరి వణుకు, తాత్కాలిక అంధత్వం, స్పృహ తప్పడం తెస్తుంది. మీ కుక్క తట్టుకుంది, సంతోషం. ఆ దుకాణం వారికి అమ్మడం తెలుసు. కుక్కను తూచకుండా, చెవిలోకి చూడకుండా సిరంజి నింపే అధికారం వారికి ఎవరిచ్చారు? ఇకపై గేదెల మందు ఏదీ, ఒంటి మీద పోసే పిడుదుల మందుతో సహా, ఈ కుక్క జోలికి రానివ్వకండి.

ఇప్పుడు చేయాల్సిన పని. కుక్కను పశువైద్యశాలకు తీసుకెళ్లండి. మీకు వీలైతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి మేలు. వెళ్లే ముందు రెండు మూడు రోజులు చెవిలో ఏ మందూ వేయకండి, శుభ్రం చేయకండి. అక్కడ దూదిపుల్లతో గులిమి తీసి గాజు పలక మీద దొర్లించి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడమని మీరే అడగండి. పది నిమిషాల పని. ఈస్ట్ అయితే వేరుశనగ కాయల్లా, నడుము దగ్గర నొక్కుకున్న కణాలు కనిపిస్తాయి. గుండ్రటి బ్యాక్టీరియా వేరు, కడ్డీల్లాంటివి వేరు. వాటి మందులూ వేరు. కడ్డీలు, చీము కణాలు కలిసి కనిపిస్తే మాత్రం కల్చర్ పరీక్ష, అంటే బ్యాక్టీరియాను పెంచి ఏ మందుకు లొంగుతుందో చూడటం, తప్పనిసరి. అవి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కావచ్చు, దానికి చాలా మందులు పని చేయవు. ఈ ఒక్క గాజు పలక చూడకుండా ఏడాదిన్నర పాటు మందు మీద మందు మార్చారు. ఐదేసి రోజుల అరకొర కోర్సులతో మొండి బ్యాక్టీరియాను మనమే పెంచుతున్నాం.

రెండో పరీక్ష కర్ణభేరికి. అది చిల్లు పడి ఉంటే జెంటమైసిన్ లాంటి మందుల చుక్కలు లోపలికి దిగి వినికిడినే దెబ్బతీస్తాయి. పరికరంతో లోపల చూసి, భేరి బాగుందని నిర్ధారించుకున్నాకే చుక్కలు.

గాజు పలకలో ఈస్ట్ ఒక్కటే ఉందనుకుందాం. నా అంచనా అదే. క్లోట్రిమజోల్ లేదా మైకోనజోల్, దానితో పాటు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఉన్న, కుక్కల కోసం తయారైన చుక్కలు డాక్టరు రాస్తారు. సీసా మీద రాసిన కొలత ప్రకారం, సాధారణంగా ఒక్కో చెవిలో 4–5 చుక్కలు, రోజుకు రెండుసార్లు, తక్కువలో తక్కువ 14 రోజులు వేయాలి. నాలుగో రోజుకే వాసన పోతుంది. ఆపకండి. 14వ రోజున మళ్లీ గాజు పలక చూడాలి, అది శుభ్రంగా ఉంటేనే మందు మానాలి. లేదంటే ఇంకో వారం, అవసరమైతే రెండు. జబ్బు బయటి చెవికే పరిమితమైతే మాత్రలు దాదాపు దండగ. నోటి ద్వారా వేసిన మందు చెవి గొట్టంలోని జిడ్డు దాకా చాలినంతగా చేరదు.

శుభ్రం చేయడంలోనూ పొరపాటు జరుగుతోందని నా అనుమానం. కుక్క చెవి గొట్టం మన చెవిలా సూటిగా ఉండదు, కిందికి దిగి లోపలికి మలుపు తిరుగుతుంది. దూదిపుల్ల పెడితే మురికి ఆ మలుపు లోపలికి కూరుకుపోతుంది. చెవి శుభ్రపరిచే ద్రావణం గది వేడికి వచ్చాక, గొట్టం నిండేలా 2–3 మి.లీ. పోయండి. చెవి మొదట్లో వేళ్లతో 30 సెకన్లు పిసకండి, బుడబుడమని చప్పుడు వినపడాలి. వదిలేస్తే అదే తల విదిలిస్తుంది. పైకి వచ్చిన మురికిని దూదితో తుడవండి. పావుగంట ఆగి చుక్కలు వేయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు చాలు, తర్వాత వారానికోసారి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, కాచిన వెల్లుల్లి నూనె – ఇవేవీ వద్దు. పుండు పడిన చర్మం మీద వాటితో మంట ఒక్కటే మిగులుతుంది.

ఇక మూలం. ముందుగా ఒంటి మీది పురుగులు: పిడుదులు, బొచ్చులో గెంతే చిన్న గోధుమరంగు పురుగులు. ఒకటీ అరా కుట్టినా అలర్జీ ఉన్న కుక్కకు వారాల తరబడి దురద తగ్గదు. నెలకొకటి చొప్పున మూడు నెలలు వేసే నమిలే మాత్రలున్నాయి. కుక్క బరువును బట్టి డాక్టరు రాస్తారు. దానికి మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. అది పడుకునే గోనెసంచి వారానికోసారి వేడినీళ్లలో ఉడకబెట్టండి.

తర్వాత తిండి. మీరు పెట్టే జాబితాలో కోడిమాంసం, పెరుగు, గుడ్డు, గోధుమ బిస్కెట్లు అన్నీ కుక్కల అలర్జీలో తరచూ పేరు వినపడేవే. ఏది పడటం లేదో తెలుసుకునే నమ్మకమైన దారి ఒకటే: ఎనిమిది వారాలు అది ఇంతవరకు తినని తిండి మాత్రమే పెట్టడం. చేప ఎప్పుడూ పెట్టి ఉండకపోతే, ముళ్లు లేకుండా ఉడికించిన చేప 150 గ్రాములు, చిలగడదుంప 125 గ్రాములు, రెండు పూటలకూ కలిపి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి వేయకండి. ఈ ఎనిమిది వారాల్లో పిల్లలు ఒక్క బిస్కెట్ ముక్క పడేసినా పరీక్ష చెడినట్లే, మళ్లీ మొదటి నుంచి లెక్క. దురద తగ్గితే పాత తిండి తిరిగి పెట్టి చూడండి. రెండు వారాల్లోపు దురద మళ్లీ మొదలైతే దోషం తిండిదే. ఈ ఆహారంలో అన్ని పోషకాలూ ఉండవు, పరీక్ష కాలం దాటి ఇదే కొనసాగించకూడదు. తిండి మార్చినా తేడా లేకపోతే దుమ్ము, పుప్పొడి లాంటి వాటి వల్ల వచ్చే అలర్జీ అనుకోవాలి. దానికి మందులున్నాయి. చాలా కుక్కలకు అది జీవితాంతం ఉంటుంది, నయమవుతుందని ఆశ పెట్టను. అదుపులో మాత్రం ఉంచవచ్చు.

దగ్గు సంగతి. ఏటా చలికాలం చివర అంటున్నారు. మీకు అది మిరపకాయలు కోసి కల్లంలో ఆరబోసే కాలం కాదా? తొడిమలు తీసే చోట, గోనెల్లోకి తొక్కే చోట మనుషులే ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. నేలకు జానెడు ఎత్తులో ముక్కు ఉన్న కుక్క సంగతి ఆలోచించండి. పమేరియన్, పగ్ లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి వలయాలు మెత్తబడి నాళం చదునవుతుంది. ఘాటు, దుమ్ము, ఉద్వేగం, మెడపట్టీ లాగడం, ఒంటి కొవ్వు – ఏది తోడైనా బాతు అరిచినట్లు పొడి దగ్గు వస్తుంది, చివర ఓకరించి నురగ కక్కుతుంది. యజమానికి అది గొంతులో ఎముకలా కనిపిస్తుంది. పసుపు, తేనెతో తగ్గిందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నా లెక్కలో తగ్గించింది కల్లం ఎత్తేయడం.

మెడపట్టీ ఈరోజే తీసేయండి, ఛాతీకి తగిలించే పట్టీ కొనండి. ఆరబోత ముగిసే వరకు కుక్కను కల్లం వైపు రానివ్వకండి. బరువు నాలుగైదు నెలల్లో 5.5 కిలోలకు దించండి, పరీక్ష జరిగే ఎనిమిది వారాలకు పైన చెప్పిన కొలత దానికి సరిపడేదే. మెడ, ఛాతీ ఎక్స్‌రే గాలి పీల్చినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి తీయించాలి. పళ్లు కూడా చూపించండి. చిన్న కుక్కల ఇరుకు దవడలో పాచి పేరుకుని చిగుళ్లు చెడితే గొంతు పక్క గ్రంథులు వాస్తాయి. మనుషుల దగ్గు మందులు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఒక్క మోతాదు కూడా ఇవ్వవద్దు. నాలుక నీలంగా మారితే నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి చేర్చండి.

ఇప్పటివరకు రాసినదంతా ఒక ఎత్తు, మీరు గొంతులో వేలు పెట్టడం ఒక ఎత్తు. చదివి భయపడ్డాను. కుక్క మింగలేకపోవడం, చొంగ కారడం, కింది దవడ వేలాడటం, గొంతు మారడం – ఇవి మూగ రేబిస్ లక్షణాలు. చూసేవారికి అచ్చం ఎముక ఇరుక్కున్నట్లే ఉంటుంది. గేదె మేత మింగలేక చొంగ కారుస్తుంటే మామిడి టెంక అడ్డుపడిందని మోచేతి దాకా చెయ్యి పెట్టే రైతులను నా ఉద్యోగంలో చూస్తూనే ఉన్నాను. రేబిస్ ఉన్న కుక్క చొంగలో, లక్షణాలు కనిపించడానికి కొన్ని రోజుల ముందు నుంచే వైరస్ ఉంటుంది. పొలం పని చేసే చేతికి పగుళ్లు, గీతలు లేని రోజు ఉండదు. లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే నమ్మకమైన చికిత్స లేదు.

మీ కుక్క ఏటా దగ్గి కోలుకుని మామూలుగా తిరుగుతోంది కనుక ఇది రేబిస్ కాదు, ఆందోళన పడకండి. చిన్నప్పుడు వేయించిన ఒక్క టీకా మాత్రం ఈనాటికి లెక్కలోకి రాదు. కుక్కపిల్లకు మూడో నెల నిండాక మొదటి డోసు, నెల తర్వాత బూస్టరు, అక్కడి నుంచి ఏటా ఒకటి. చెవి చూపించడానికి వెళ్లినప్పుడే రేబిస్ టీకా, దానితో పాటు డిస్టెంపర్ తదితర జబ్బుల టీకా వేయించండి. స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి వస్తే టీకా ఎప్పుడు వేయాలో డాక్టరు చెబుతారు. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మీ వీధిలో కుక్కలున్న ఇళ్లవారికి ఆ తేదీ చెప్పండి.

కుక్క పన్ను గీసుకున్నా, కరిచినా ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు, చర్మం తెగి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల సూది) కూడా. పసుపు, కారం, సున్నం పెట్టి కాలయాపన చేయకండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన చుక్కల సీసాలు, మాత్రల అట్టలు, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి. దగ్గు వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. ఆసుపత్రి బల్ల మీద కుక్క తరచూ దగ్గదు, ఆ వీడియో చూస్తే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.