ఉర్లగడ్డ అంటే గ్రెనేడ్

నాయనా,

రెండో ప్రపంచ యుద్ధంలో తమ భాషతో అమెరికా సైన్యానికి రహస్య సందేశాలు పంపిన ఆదివాసుల మీద నువ్వు రాసిన కథ అందింది. మొదటి పేజీలోనే 'వీరత్వం' నాలుగుసార్లు, 'త్యాగం' మూడుసార్లు వచ్చాయి. లెక్కపెట్టాను. ఈ వయసులో నాకు వేరే పనేముంది? నాలుగో పేజీలో, బడిలో తన భాష మాట్లాడినందుకు పిల్లవాడి నోట్లో సబ్బు కుక్కే చోట మాత్రం కాసేపు ఆగిపోయాను. మా మనవడు తెలుగు మాట్లాడినాడని కాన్వెంటులో ఎండలో నిలబెట్టినారు ఒకసారి. ఆ పేరా బాగుంది.

ఇక నాకు ఒళ్లు మండించిన వాక్యం: "ఎవరికీ అర్థంకాని ఆ వింత భాషే జపాన్ సైన్యాన్ని ఓడించింది." వింత ఎవరికి నాయనా? నువ్వు 'నవాజో' అని రాశావు. నవాహో అని పలకాలి. వాళ్లు తమను దినే అనుకుంటారు. వాళ్ల భాష రావడమొక్కటే చాలుంటే జో కీయోమియా కథ వేరేగా ఉండేది. ఆయనా నవాహో సైనికుడే, కానీ ఆ రహస్య కోడ్ నేర్చినవాడు కాదు. ఫిలిప్పీన్స్‌లో జపాన్ వాళ్లకు చిక్కినాడు. రేడియోలో పట్టిన మాటల అర్థం చెప్పమని చిత్రహింసలు పెట్టినారు. ఆయనకు మాటలు తెలుస్తున్నాయి, సంగతి తెలియడం లేదు. తన అమ్మ భాషలో ఎవరో చీమ, గొడ్డలి, పిల్లి అంటున్నారు. ఏం చెబుతాడు పాపం? అదీ కథ. నువ్వు దాని పక్కనుంచే నడిచి వెళ్లిపోయినావు.

ఎందుకంటే రెండు పేజీలు ఫిలిప్ జాన్‌స్టన్‌కి ఇచ్చేశావు. క్రైస్తవ ప్రచారకుడి కొడుకు, నవాహోల మధ్య పెరిగినాడు, 1942లో ఆ భాషతో కోడ్ కట్టాలనే ఆలోచన ఆయనదే. సరే. కానీ కోడ్ కట్టింది అమెరికా మెరీన్ దళంలో చేరిన తొలి బ్యాచ్, 29 మంది నవాహో కుర్రాళ్లు. ట్యాంకుకి వాళ్ల భాషలో మాట లేదు. తాబేలు అన్నారు. జలాంతర్గామి ఇనుప చేప. బాంబర్ విమానం రాబందు, అది వేసే బాంబులు గుడ్లు. యుద్ధవిమానం హమ్మింగ్‌బర్డ్ (మన పక్క లేని పిట్ట, తేనెపిట్ట అని రాసి మోసం చేయొద్దు). అమెరికా పేరు 'మన తల్లి'. సబ్బు తినిపించిన దేశానికి ఆ పేరు పెట్టినారు చూడు, ఆ ముక్క నీ కథలో ఎక్కడా లేదు.

లిస్టులో లేని మాటను అక్షరమక్షరం చెప్పేవాళ్లు. ఇంగ్లిష్‌లో 'ఏ' తో మొదలయ్యే యాంట్, యాపిల్, యాక్స్ తీసుకుని, ఒకసారి నవాహోలో చీమ అని, ఇంకోసారి యాపిల్ అని, మరోసారి గొడ్డలి అని. ఒకే అక్షరం పదే పదే ఒకే మాటగా వస్తే శత్రువు పసిగడతాడు కదా. మొదట రెండొందల పైచిలుకు మాటలు, యుద్ధం ముగిసేసరికి నాలుగొందలు దాటాయి. అంతా నోటికే. యుద్ధభూమికి కాగితం తీసుకెళ్లింది లేదు. జపాన్ దీవి ఇవో జిమా మీద జరిగిన పోరులో మొదటి రెండురోజుల్లో ఆరుగురు ఎనిమిది వందలకు పైగా సందేశాలు తప్పులేకుండా పంపినారు.

గ్రెనేడ్‌ని ఏమన్నారో తెలుసా? ఉర్లగడ్డ.

ఇక్కడ నా సొంత గోడు చెప్పక తప్పదు. ముప్పై ఏళ్ల కిందట ఒక కథ రాశాను. అమ్మ ఉర్లగడ్డ కూర చేస్తుంటుంది. అచ్చయి వచ్చేసరికి అది 'బంగాళదుంప' అయింది. అడిగితే సంపాదకుడు "మీ సీమ మాట అందరికీ అర్థం కాదండీ" అన్నాడు. అమ్మకు చదివి వినిపించాను. "ఎవురింట్లోరా ఈ కూర?" అనింది. ఆ పత్రికకు మళ్లీ కథ పంపలేదు. ఇప్పుడు అదే జాతి సంపాదకులు 'మాండలిక ప్రత్యేక సంచిక' అని ఏడాదికోసారి పండగ చేస్తున్నారు. పోనీలే.

నేను చెప్పేదొక్కటే. వాళ్ల వారసత్వం కాపాడుకోవాలని నీ ఉత్తరంలో రాశావు. పతకాల్లో వెతకొద్దు. ఆ కోడ్ సంగతి 1968 దాకా ప్రభుత్వ రహస్యం. యుద్ధమైపోయి ఇరవై మూడేళ్లు ఎవరూ నోరు విప్పకూడదు. రిజర్వేషన్‌లో, అంటే ఆదివాసులకు కేటాయించిన నేలలో, ఉండేవాళ్లకు అరిజోనా, న్యూ మెక్సికోల్లో ఓటు హక్కు వచ్చిందే 1948లో. తొలి 29 మందికి బంగారు పతకాలు 2001లో, అప్పటికి మిగిలింది ఐదుగురు. వాళ్లలో చివరివాడు చెస్టర్ నెజ్ 2014లో పోయినాడు. నీ కథ ఆ పతకంతో ముగిసింది, చప్పట్లతో. ఆ ముగింపు కొట్టేయి. రేడియో పక్కన కూర్చున్న కుర్రాడు ఉర్లగడ్డ అన్నప్పుడు వాడికి ఇంటి పొయ్యి గుర్తొస్తుందా, అవతల కాలే మనుషులు గుర్తొస్తారా, అది రాయి. ఇల్లు చేరినాక ఆ మాట వాళ్లమ్మ వంటింట్లో అంటే వాడేం చేస్తాడో రాయి.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, నవలగా చేయొచ్చా అనీ అడిగావు. కథే ఇంకా కాలేదు కదా.

రెండో పేజీ నుంచి మళ్లీ రాసి పంపు. అక్షరాలు కొంచెం పెద్దవి చేయి, ఈసారి భూతద్దం పెట్టి చదివాను.