అత్తమ్మను కుర్చీకి అప్పజెప్పకు

హనుమకొండ

బిడ్డా,

అత్తమ్మ ఎక్కడ పడతదోనని నీళ్లగ్లాసు కూడ ఆమె చేతికే తెచ్చిస్తున్నవట. నీ ప్రేమ కాదనను. కానీ 72 ఏళ్ల మనిషిని కదలనియ్యకపోతే తొడల కండ కరిగిపోతది, పడుడు అక్కడ్నే మొదలైతది.

ముందు బలమెంతుందో చూడు. 17 అంగుళాల ఎత్తున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టు. ప్లాస్టిక్‌ది వద్దు, కాళ్లు విచ్చుకుంటయి. చేతులు ఛాతీ మీద కట్టుకొని 30 సెకన్లల్ల ఎన్నిసార్లు పూర్తిగ లేచి నిలబడ్తదో లెక్కపెట్టు. ఆమె వయసు ఆడవాళ్లకు 10 కంటే తక్కువొస్తే కాళ్లు బలహీనపడ్డట్టే.

ఆ పరీక్షనే వ్యాయామం చెయ్యి. కుర్చీ అంచుకు జరిగి, పాదాలు కొంచెం వెనక్కి తీసుకొని, ముక్కు కాలివేళ్ల మీదికొచ్చేదాక ముందుకు వంగి లేవాలె. చానామంది నిటారుగ కూసొనే లేవబోతరు. బరువు పిరుదుల మీదనే ఉంటది గదా, మళ్ల వెనక్కే పడతరు. కూసునేటప్పుడు ధబ్బున పడొద్దు, నాలుగు లెక్కపెట్టేంతసేపు మెల్లగ దిగాలె. ఆ దిగుడుల కండకు మంచి పని పడతది. ఊపిరి బిగబట్టనియ్యకు. ఎనిమిదిసార్లు చేసి, నిమిషం ఆగి, ఇంకో ఎనిమిది. రోజు విడిచి రోజు చాలు. లేవలేకపోతే దుప్పటి మడిచి కుర్చీ మీద వెయ్యి, బలమొచ్చినకొద్దీ ఒక్కో మడత తీసెయ్యి. ఛాతీల నొప్పొచ్చినా తల తిరిగినా ఆపి డాక్టరుకు చూపించు.

భద్రకాళి చెరువు కట్ట మీద నడక మంచిదే, అదొక్కటే సరిపోదు. తూలినప్పుడు ఆపేది తుంటి పక్క కండ. బతుకమ్మ ఆడినట్టు పక్కకు అడుగులెయ్యమను, వంటగట్టు పట్టుకొని ఇటు పది, అటు పది. ఆ గట్టు దగ్గరనే మడమలెత్తి దించుడు ఇంకో పది.

అన్నం, చారుతోని కండ రాదు. 55 కిలోల మనిషికి రోజుకు 55 నుంచి 65 గ్రాముల ప్రొటీన్ కావాలె. ఒక గుడ్డుల ఆరు గ్రాములే ఉంటది, అందుకే పప్పు, పెరుగు, పల్లీలు మూడు పూటలా పడాలె. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడుగు.

బీపీ గోలీలు వేసుకుంటది గనక రాత్రి మంచం మీదికెళ్లి ఒక్కసారే లేవొద్దు. అంచున నిమిషం కూసొని, లైటేసి లేవాలె. బాత్రూంల తువ్వాలు కడ్డీని నమ్మొద్దు, బరువుకు ఊడొస్తది. గోడకు రంధ్రాలు కొట్టి గట్టి హ్యాండిల్ బిగించు. చీర కుచ్చిళ్లు చీలమండ పైకి కట్టుమను.

30 సెకన్లల్ల ఎన్నిసార్లు లేస్తదో ఆ లెక్క క్యాలెండర్ మీద రాస్తుండు. దసరాకు వచ్చినప్పుడు చూస్త.

మీ పెద్దమ్మ