చొక్కా చేతులు దింపించిన డాక్టరు: యువ రచయిత్రికి లేఖ

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. నీ వాక్యం బాగుంటుంది, అది నీకూ తెలుసు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ కథ చివర్లో ఉన్న ఒక్క వాక్యం. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం డాక్టరుగా పనిచేసి వచ్చేశాక కూడా మీ తాతగారు దీపాలు పెట్టే వేళకి ఇంట్లో పిల్లలందరి చేతా చొక్కా చేతులు మణికట్టు దాకా దింపించేవారని రాశావు. మండు వేసవిలో కూడా. రాసి, అదేదో పెద్దాయన చాదస్తం అన్నట్టు వదిలేసి, వెంటనే పతకం దగ్గరికి పరుగెత్తావు. నాకు కోపం వచ్చింది అక్కడే. నీ కథంతా ఆ వాక్యంలో ఉంది తల్లీ. ఉందని నువ్వు చూసుకోలేదు.

ఆయన ఎందుకలా చేసేవారో ఎప్పుడైనా అడిగావా? మలేరియా దోమ పొద్దు వాలాక కుడుతుంది. బర్మా సరిహద్దులో ప్రతి సిపాయీ పొద్దు వాలకముందే చొక్కా చేతులు దింపుకోవాలి, నిక్కరు మానేసి పొడుగు ప్యాంటు వేసుకోవాలి. 1943లో ఆ సరిహద్దులో గాయపడి వెనక్కి తెచ్చినవాడు ఒకడైతే, జబ్బుపడి తెచ్చినవాళ్ళు 120 మంది అని అక్కడి బ్రిటిష్ సేనాధిపతి స్లిమ్ రాసుకున్నాడు. మలేరియా మందు క్వినైన్ ఎక్కువగా వచ్చే జావా 1942లో జపాన్ చేతికి పోవడంతో దానికి కటకట వచ్చింది. దాని బదులు మెపాక్రిన్ అని పసుపుపచ్చటి మాత్ర రోజూ మింగించేవారు. అది మింగితే ఒళ్ళంతా పచ్చబడేది. మగతనం పోతుందని పుకారు పుట్టి సిపాయిలు చాటుగా ఉమ్మేసేవారు. మాత్రలు సరిగ్గా మింగించని దళాధిపతుల్ని ముగ్గుర్ని స్లిమ్ పదవిలోంచి తీసేశాడు కూడా. మీ తాతగారి యుద్ధం అదీ. సాయంత్రం అవగానే వరసలో నిలబెట్టి, చేతులు దింపారా లేదా, మాత్ర మింగారా లేదా అని ఒక్కొక్కణ్ణీ చూడడం. నువ్వేమో ఆయన చేత కథ పొడుగునా బాంబుల మధ్య లాంతరు వెలుగులో తూటాలు తీయించావు.

అదీ జరిగింది, కాదనను. కానీ ఇంటికి ఆయనతో వచ్చింది తూటా కాదు, దోమ.

నా నమ్మకం ఒకటి చెప్తాను, నచ్చకపోయినా విను. సైన్యంలో పనిచేసిన డాక్టరు కథ రాయాలంటే ఆయన ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర కూర్చోవాలి. యుద్ధంలో ఏం జరిగిందో పుస్తకాల్లో ఉంటుంది. ఆ యుద్ధం మనిషిలో ఎంత మిగిలిందో ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. మీ మామ్మకి నువ్వు రెండు వాక్యాలిచ్చావు: ఎదురు చూసింది, ఏడ్చింది. ఆవిడ అంతేనా? మొగుడి ఉత్తరం మీద ఊరి పేరుండదు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు మాత్రమే. సెన్సారు వాడు కొట్టేసిన నల్లగీతల కింద ఏముందోనని ఆవిడ కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని ఉండదా? బర్మా బియ్యం రావడం ఆగిపోయింది, కిరసనాయిలు దొరకదు, మనియార్డరు ఆలస్యం. ఆ ఇంటిని ఎవరు నడిపారు? ఆయన సెలవు మీద ఒళ్ళంతా పచ్చగా గుమ్మంలోకి వస్తే, కామెర్లనుకుని ఆవిడ నేల ఉసిరి నూరిందా? తంతి వాడు వీధిలోకి వచ్చిన రోజున ఏ ఇంటి ముందు ఆగుతాడోనని ఎంత టెన్షన్ పడి ఉంటుంది! ఇవి ఊహించి రాయకు. అడిగి రాయి.

నేనూ ఇలాంటి కథ ఒకటి రాశాను. రంగం, అంటే బర్మా, వెళ్ళిన కూలీ భార్య కథ. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక మనవాళ్ళు వేలకు వేలు అడవులూ కొండలూ దాటి నడిచొచ్చారు. వస్తున్నాడో, దారిలో పోయాడో తెలియక, రోజూ పొద్దున్నే బొట్టు పెట్టుకోవాలా వద్దా అని అద్దం ముందు నిలబడే మనిషి గురించి రాశాను. ఇంట్లో అందరూ పడుకున్నాక, పిల్లల పరీక్ష కాగితాల వెనక రాసేదాన్ని. అప్పట్లో పెద్ద పేరున్న ఒక సంపాదకుడు దాన్ని తిప్పి పంపాడు. "ఇందులో యుద్ధం ఎక్కడుందండీ? బొట్టు గొడవ తగ్గించి ఒక బాంబు దాడి పెట్టండి" అని రాశాడు. పెట్టలేదు. కథ ఏళ్ళ తరబడి పెట్టెలో ఉండిపోయింది. తర్వాత ఒక చిన్న పత్రిక వేసుకుంది. బారువ వైపు నుంచి ఒక పెద్దావిడ మనవడి చేత ఉత్తరం రాయించింది, మా అమ్మ కూడా అలాగే నిలబడేదని. ఆ సంపాదకుడి మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఆగస్టు వచ్చిందంటే దేశభక్తి కథల పోటీలు పెట్టి, తుపాకీ లేని కథని పక్కన పడేసేవాళ్ళ మీదా పోలేదు. నీ కథలో తూటాలు ఎవరి కోసం పెట్టావో నాకు తెలుస్తూనే ఉంది. ఆ పోటీకి పంపకు.

మా అత్తగారు 1942 ఏప్రిల్ 6 గురించి చెప్పేవారు. విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన రోజు. ఆవిడ బాంబు ఊసే ఎత్తేవారు కాదు. విశాఖ చుట్టాలందరూ ఈ ఊరొచ్చి పడితే, ఎసట్లో ఎన్ని సోలలు పోశారో, ఎవరి పసిబిడ్డకి పాలు చాలలేదో చెప్పేవారు. నేను కథ రాయడం నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

కొన్ని తప్పులు దిద్దుకో. తాతగారు 1941లో ఆర్మీ మెడికల్ కోర్‌లో చేరారని రాశావు. అది ఏర్పడిందే 1943 ఏప్రిల్ 3న, ఇండియన్ మెడికల్ సర్వీసునీ, మెడికల్ డిపార్ట్‌మెంటునీ, హాస్పిటల్ కోర్‌నీ కలిపి. 1942లో బర్మాలో చింద్విన్ నది ఒడ్డున పెన్సిలిన్ ఇంజక్షన్ ఇప్పించావు, అప్పటికది అక్కడికి చేరలేదు. సల్ఫా మందులుండేవి. శ్రీకాకుళం జిల్లా కూడా అప్పటికి లేదు, 1950లో వచ్చింది. చదివేవాడు ఒక్కచోట నమ్మకం పోగొట్టుకుంటే మీ మామ్మ కన్నీళ్ళని కూడా నమ్మడు.

యాస ఎంత పెట్టాలని అడిగావు. మీ మామ్మ మాట్లాడినంత. ఈ మధ్య కొందరు ఉత్తరాంధ్ర యాసని తాలింపులా పైన చల్లుతున్నారు, వాళ్ళని చూసి నేర్చుకోకు. పుస్తకం ఎప్పుడు వేసుకోవాలన్న సంగతి ఇప్పుడొద్దు.

మీ పెద్దత్త పలాసలో ఉంటారన్నావు కదా. చొక్కా చేతులు దింపించుకున్న పిల్లల్లో ఆవిడొకరు. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళు. ఎవరైనా దింపకపోతే ఆయన ఏం చేసేవారో అడుగు. కొట్టేవారా, బతిమాలేవారా, రాత్రి లేచి దోమతెర అంచులు తడిమి చూసేవారా? ఉత్తరాలు ఏ పెట్టెలో ఉన్నాయో కూడా అడుగు. తొందరపడి రాసుకోకు, ఆవిడ మాట పూర్తయ్యే దాకా కాగితం బయటికి తీయకు. శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, నీకు నడిచే దూరమే. రంగం గురించి మనవాళ్ళు రాసిన పాత కథలు అక్కడ వెతుక్కుని చదువు.

సిరిమానోత్సవానికి వస్తానన్నావు. కొత్తగా రాసింది పట్టుకుని ఒక రోజు ముందే రా, జనం పెరిగితే మా వీధిలోకి రిక్షా రాదు.

ఆశీస్సులతో