పరకాలకు వెళ్తున్న హార్మోనియం

చిరంజీవి బిడ్డకు మామయ్య ఆశీస్సులు.

పరకాలలో నువ్వు చేరిన పాఠశాలలో అరవై మంది పిల్లలతో బృందగానం తయారు చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు ఒక పక్క సంతోషం, మరో పక్క దిగులు. మన ఇంట్లో నా తరువాత హార్మోనియం ముందు కూర్చున్నదానివి నువ్వొక్కదానివే.

ఎత్తును బట్టి వరుసలు కట్టించు, మైకును ఏ ఒక్కరి నోటి దగ్గరా పెట్టకు. జాతీయ గీతం 52 సెకన్లలో ముగియాలి కనుక వారానికొకసారి గడియారం చూసి పాడించు. చివరి 'జయహే'ల దగ్గర పిల్లలు పరుగెత్తుతారు.

కొత్త పాట ఎట్లా నేర్పాలని బెంగపడకు. వేయిస్తంభాల గుడి ముందు ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఒకరు చరణం అందుకుంటే వందల మంది 'ఉయ్యాలో' అని ఒక్క గొంతుతో కలుపుతారు కదా, చప్పట్ల మధ్యనే ఊపిరి తీసుకుంటారు కదా. ఆ పద్ధతి మన పిల్లలకు ఇంట్లోనే వచ్చి ఉంటుంది, నువ్వు అక్కడి నుంచే మొదలుపెట్టు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ గారు 1970లో మద్రాసు యూత్ క్వైర్ అనే బృందగాన సంస్థను స్థాపించి మన పాటలను పలు స్వరాల వరుసల్లో పాడించిన తీరు నీకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఆ కోరిక మంచిదే, కాని ముందు ఒక ఏడాది పాటు అందరినీ ఒకే స్వర వరుసలో కలిసి పలకనివ్వు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకు ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. వాడి గొంతు తారస్థాయిలో గంట కొట్టినట్టు పలికేది. ఆగస్టు పదిహేను నాటి పాటలో చరణాలన్నీ వాడికే ఇచ్చాను. రెండు రోజుల ముందు, సాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక, వాడు నా దగ్గరికి వచ్చి చొక్కా గుండీ తిప్పుకుంటూ "సార్, పైకి పోతలేదు" అన్నాడు. బద్ధకమనుకున్నాను. మిరియాల పాలు తాగి పొద్దున్నే సాధన చేయమని మందలించి పంపాను. శ్రుతి దించడమో, ఆ చరణాలను మరొకరికి ఇచ్చి వాణ్ణి కింది స్వరాల్లో పాడనివ్వడమో చేయవలసింది, కాని ఐదున్నర శ్రుతిలోనే, అంత హెచ్చు స్థాయిలోనే, పాట మెరుస్తుందని నా పట్టుదల. ఊరి పెద్దలందరి ముందు, రెండో చరణంలో పై పంచమం దగ్గర వాడి గొంతు రెండుగా చీలింది. ముందు వరుసలోని పిల్లలు నవ్వారు. వాడు పారిపోలేదు, తల దించుకుని, శబ్దం లేకుండా పెదవులు మాత్రం కదుపుతూ పాట అయ్యేదాకా నిలబడ్డాడు. మరునాటి నుంచి సాధనకు రాలేదు. నేను పిలవనూ లేదు, అది అంతకంటే పెద్ద తప్పు. గొంతు చెడిపోలేదని, ఎదుగుతోందని వాడికి చెప్పవలసినవాణ్ణి నేనే.

పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య మగపిల్లల స్వరతంతువులు పొడవై, మందమై, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అది కుదురుకోవడానికి నెలలు పడుతుంది. కనుక మొదటి వారంలోనే ఒక్కొక్కరినీ విడిగా, తోటివాళ్లు వినకుండా పాడించి, ఎవరి గొంతు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పోతుందో నోటుపుస్తకంలో రాసుకో. ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలను మూడు నెలలకొకసారి మళ్లీ విను. ఎవరినీ పెదవులు మాత్రం ఆడించమని చెప్పకు బిడ్డా, ఎంత పెద్ద అతిథి వస్తున్నా సరే. నీకు కోపం తొందరగా వస్తుంది, అది నా పోలికే. పిల్లవాడు 'రావట్లేదు' అన్నప్పుడు మాత్రం ఆ కోపాన్ని పక్కన పెట్టి విను.

నువ్వు కూడా గొంతు చించుకుని అరవకు, వేడినీళ్లు తాగు, రాత్రి వేళకు తిను.

నా హార్మోనియం ఆదివారం మీ అమ్మతో బస్సులో పంపుతున్నాను. తిత్తి బాగానే ఉంది. ఐదున్నర కంటే కిందిదైన నాలుగున్నర శ్రుతి మెట్టు మీద, ఆ పిల్లవాడి గొంతు చీలిన ఏడాది నేను అంటించిన కాగితం ముక్క ఉంటుంది, దాన్ని తీయకు.

నీ మామయ్య,
హనుమకొండ.